పోలిష్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు: తెలుగు అక్షరాల దారిలో నేర్చుకోవడం ఎలా?

పోలండ్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడమంటే దారిన పోతూ ఒక మాట విసిరి వెళ్లడం కాదు. ఎదురుగా నిలబడి, చేయి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, ఆరోగ్యం కలగాలి, ఆనందం కలగాలి, కోరుకున్నది జరగాలి అంటూ మూడు నాలుగు కోరికలు వరుసగా చెబుతారు. ఆఫీసులో అయితే సహోద్యోగులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇదే పని చేస్తారు. అందుకే ఇంటర్నెట్‌లో దొరికిన ఒక్క వాక్యాన్ని బట్టీ పట్టి వెళ్లినవారు, అది కాస్తా చెప్పేశాక ఏమి మాట్లాడాలో తోచక నవ్వుతూ నిలబడిపోతారు. ఈ మార్గదర్శి ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగదు. ఎవరికి ఏ మర్యాదతో చెప్పాలి, కోరికలను ఎలా కూర్చుకోవాలి, పాట మొదలైతే ఎలా కలవాలి, మనకే ఎవరైనా చెబితే ఏమని బదులివ్వాలి అన్నవీ ఇందులో ఉన్నాయి.

వార్సా, క్రాకూఫ్, వ్రొౘ్వాఫ్ వంటి నగరాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి ఇది వెంటనే పనికొస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని పోలిష్ సహోద్యోగులతో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడేవారికీ అంతే. ముందుగా ఒక సలహా: పోలిష్ ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల మీదుగా నేర్చుకోవద్దు. పోలిష్ కూడా రోమన్ లిపిలోనే రాస్తారు కాబట్టి, చూడగానే ఇంగ్లీషులా చదవాలనిపిస్తుంది. అలా చదివితే ప్రతి రెండో అక్షరం తప్పుతుంది. తెలుగు వర్ణమాలలో మనం పక్కన పడేసిన కొన్ని అక్షరాలు ఇక్కడ ఆశ్చర్యం కలిగించేంత బాగా పనిచేస్తాయి.

మొదటి మెట్టు: ధ్వనులను తెలుగులో అమర్చుకోవడం

తేలికైన వాటితో మొదలుపెడదాం. ఇంగ్లీషు పదాలను తెలుగులో రాసేటప్పుడు మనం ట, డ వాడటానికి అలవాటు పడ్డాం. పోలిష్‌లో అవి లేవు. అక్కడున్నవి మన త, ద. నాలుక పళ్లకు తగలాలి. 'స్తొ లాత్' అనాల్సిన చోట 'స్టో లాట్' అంటే అర్థమవుతుంది గానీ, పరాయి యాస మొదటి అక్షరంలోనే బయటపడుతుంది. క, ప, త లను మనలాగే ఒత్తు లేకుండా, గాలి వదలకుండా పలుకుతారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఎంతో కష్టపడి వదిలించుకునే ఆ గాలి మనకు మొదటి నుంచీ లేదు.

తర్వాత శ, ష. బడిలో 'శంకరుడు', 'షష్ఠి' అని విడివిడిగా పలికించిన ఉపాధ్యాయులకు ఇప్పుడు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పోలిష్‌లో ఈ రెండూ వేర్వేరు ధ్వనులు, రాతలోనూ వేరు. శ మెత్తనిది, నాలుక మధ్యభాగం అంగిలికి దగ్గరగా వస్తుంది. ష గట్టిది, నాలుక కొన కొంచెం వెనక్కి వెళుతుంది. శుభాకాంక్షల్లో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి కలిపేయకూడదు.

చ, జ ల సంగతి ఇంకా ఆసక్తికరం. 'చలి', 'చుక్క' అనేటప్పుడు మన చ దంత్యం, 'చిన్న', 'చెల్లి' అనేటప్పుడు తాలవ్యం. పాత వ్యాకరణాలూ నిఘంటువులూ ఈ దంత్యాలను ౘ, ౙ అని వేరే గుర్తుతో చూపిస్తాయి. పోలిష్‌కు ఈ రెండు జంటలూ కావాలి. 'ధన్యవాదాలు' అనే మాటలో 'చెల్లి' చ కు జోడీ అయిన మెత్తని జ ఉంటుంది, దాని పక్కనే వచ్చే 'చాలా' అనే మాటలో 'జడ', 'జున్ను'ల్లోని ౙ ఉంటుంది: 'జెంకుయె బార్ౙొ'. ఈ వ్యాసంలో ౘ, ౙ కనిపించినప్పుడల్లా 'చలి', 'జడ' గుర్తు తెచ్చుకోండి. పోలిష్‌లో స కు నాదం, అంటే గొంతులో కంపనం, కలిపితే వచ్చే ధ్వని కూడా ఒకటి ఉంది. దానికి మన లిపిలో విడి అక్షరం లేదు కాబట్టి దాన్నీ ఇక్కడ ౙ అనే రాస్తున్నాను. నాలుక పళ్లకు పూర్తిగా అంటకుండా ౙ అనండి, అదే వస్తుంది. కోస్తా జిల్లాల్లో చాలామంది 'జడ'ను ఇప్పటికే అలా పలుకుతారు. 'బార్ౙొ'లో మాత్రం నాలుక అంటాలి.

ఇక మరుగున పడ్డ ఇద్దరు చుట్టాలు: ఞ, అరసున్న. ఞ ను మనం 'జ్ఞానం'లో రాయడమే తప్ప విడిగా పలకడం మానేశాం. పోలిష్‌లో అది అడుగడుగునా ఉంది. 'శ్రీమతి' అనే గౌరవ పదం 'పాఞి'. 'పాని' కాదు, 'పాన్యి'కి దగ్గర. అరసున్న లాంటి అనునాసిక అచ్చులు పోలిష్‌లో రెండు ఉన్నాయి. 'ఆనందం' అనే మాట 'ష్చెఁశ్చె'లో ఆ ఎకారం ముక్కుతో కలిసి రావాలి. మాట చివర వచ్చినప్పుడు మాత్రం ఆ ఎకారం ముక్కుదనాన్ని దాదాపుగా వదిలేస్తుంది, మామూలు ఎ అంటే చాలు.

తెలుగులో లేనివి నాలుగు. మొదటిది ష కు నాదం కలిపితే వచ్చే ధ్వని. దీన్ని ఇక్కడ ఝ అని రాస్తున్నాను, కానీ ఇది ఒత్తు జ కాదు. 'షషష' అంటూనే గొంతులో కంపనం మొదలుపెట్టండి, అదే. రెండోది 'ఫోను'లోని ఫ, ఇది అందరికీ అలవాటే. మూడోది పెదవులు గుండ్రంగా చుట్టి పలికే వ. 'మివొశ్చి', 'స్పెవ్‌ఞెఞా', 'స్క్వాదామ్' అనే మాటల్లో అదే వస్తుంది. మిగతా చోట్ల వ అంటే కింది పెదవిని పై పళ్లకు ఆనించాలి. నాలుగోది ఇ కీ ఎ కీ నడుమ, నాలుక కాస్త వెనక్కి తీసి పలికే ఒక అచ్చు. ఇక్కడ దాన్ని ఇ అనే రాశాను. 'ఫ్షిస్త్', 'ఝి', 'క్యెది' మాటల్లో అది ఉంది. మొదటి వారంలో మామూలు ఇ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

మన నాలుకకు ఉన్న మూడు అలవాట్లను మాత్రం మొదటి రోజు నుంచే కట్టడి చేయాలి. పోలిష్‌లో హ్రస్వ దీర్ఘ భేదం లేదు. కింద 'లా', 'నా' అని దీర్ఘం రాసింది నోరు తెరుచుకోవాలని చెప్పడానికే, సాగదీయడానికి కాదు. రెండోది, తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు అన్నట్లే 'లాతు' అనేస్తాం. పొల్లును పొల్లుగా వదిలేయండి: 'లాత్'. మూడోది ఊనిక. తెలుగులో ఏ అక్షరాన్నీ ప్రత్యేకంగా నొక్కం. పోలిష్‌లో దాదాపు ప్రతి మాటలోనూ చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక పడుతుంది. నియమం ఇంత సూటిగా ఉన్న భాషలు తక్కువ, దాన్ని వాడుకోకపోతే మనదే నష్టం.

రెండో మెట్టు: అసలు వాక్యం

'ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ'. అన్నిటిలోకీ ఉత్తమమైనది నీకు కలగాలి అని భావం. పుట్టినరోజుకే కాదు, పెళ్లికీ, పేరు రోజుకీ (దాని సంగతి ఆరో మెట్టులో), కొత్త ఉద్యోగానికీ ఇదే చెల్లుతుంది. పుట్టినరోజు అని స్పష్టంగా చెప్పాలంటే 'ౙొకాౙ్యి ఉరొజిన్' అని చేర్చండి, అంటే 'పుట్టినరోజు సందర్భంగా'. ఎదురుగా కేకు ఉన్నప్పుడు ఈ చేర్పు అవసరం లేదు. ఫోనులోనూ కార్డులోనూ ఉంటే బాగుంటుంది.

మొదటి మాట చూసి భయపడేవారే ఎక్కువ. దాన్ని ముందు నుంచి కాకుండా వెనక నుంచి కట్టుకుంటూ రండి. 'గొ' అనండి. తర్వాత 'క్యె-గొ', క్యె ను నొక్కుతూ. తర్వాత 'స్త్-క్యె-గొ'. దాని ముందు 'షి' చేర్చి 'షిస్త్-క్యె-గొ'. చివరగా కింది పెదవిని పై పళ్లకు ఆనించి, గాలి మాత్రమే వదిలి, అచ్చు లేకుండా 'ఫ్'. అక్కడి నుంచి నేరుగా షి లోకి జారండి: 'ఫ్షిస్త్‌క్యెగొ'. ఫ్ కీ షి కీ మధ్య 'ఉ' దూరకూడదు, ముందు 'ఇ' చేరకూడదు. 'ఇస్కూలు' అనే అలవాటున్న నోటికి ఇది కొంచెం పట్టుదల అడుగుతుంది. అయినా 'స్త్రీ', 'శాస్త్రం' పలికే భాష మనది, మూడు హల్లుల గుంపు మనకు వింత కాదు. ఇంకో ఊరట: వేగంగా మాట్లాడేటప్పుడు పోలిష్ వారే మధ్యలోని త్ ను సగం మింగేస్తారు.

రెండో మాటనూ అలాగే: 'గొ', 'షె-గొ', 'లెప్-షె-గొ', 'నాయ్-లెప్-షె-గొ'. ఊనిక షె మీద. లెప్ మీద నొక్కాలని నోరు తొందరపడుతుంది, పడనివ్వకండి. 'ౙొకాౙ్యి'లో మొదటి ౙ నిజానికి విడి మాట, అచ్చు లేని ఒంటి హల్లు. దాన్ని విడిగా నిలబెట్టాలని చూడకుండా తర్వాతి ఒ కు అతికించండి. 'ఉరొజిన్'లో ఊనిక రొ మీద. అదే 'పుట్టినరోజు' అనే మాట ఒంటరిగా వస్తే 'ఉరొజిని', అప్పుడు ఊనిక జి మీదికి జరుగుతుంది. నియమం మాత్రం అదే.

స్నేహితుల మధ్య, ముఖ్యంగా ఫోను సందేశాల్లో, 'ఫ్షిస్త్‌క్యెగొ నాయ్!' అని కత్తిరించి రాయడం ఉంది. యువతరానికి చక్కగా సరిపోతుంది. ఇంటి యజమానురాలికి రాయకండి.

వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఫోను కీబోర్డులో పోలిష్ భాషను చేర్చి, వాయిస్ టైపింగ్ తెరిచి వాక్యం చెప్పండి. అది సరైన మాటలు రాస్తే మనుషులకూ అర్థమవుతుంది. రాయకపోతే ఏ మాట దగ్గర తప్పుతోందో తెర మీదే కనిపిస్తుంది. స్నేహితులు మొహమాటానికి 'బాగుంది' అంటారు, యంత్రానికి ఆ మొహమాటం లేదు.

మూడో మెట్టు: స్తొ లాత్

అక్షరాలా 'నూరేళ్లు'. పోలిష్‌లో అన్నిటికన్నా చిన్న శుభాకాంక్ష ఇదే, గ్లాసు ఎత్తినప్పుడూ కేకు కోసినప్పుడూ కేకలా వినిపించేదీ ఇదే. 'నిండు నూరేళ్లు వర్ధిల్లు' అని దీవించే మనకు ఈ ఊహ కొత్తది కాదు. కానీ మనదగ్గర అది పెద్దలు చిన్నవారికిచ్చే దీవెన. తండ్రికో, పై అధికారికో మనం నూరేళ్ల ఆశీర్వాదం ఇవ్వం. అక్కడ ఆ అంతరం లేదు. మనవడు తాతకు చెబుతాడు, ఉద్యోగి యజమానికి చెబుతాడు. సంకోచించనవసరం లేదు.

ఇదే పేరుతో ఒక పాట ఉంది. పుట్టినరోజున కొవ్వొత్తులు వెలిగించగానే ఎవరో ఒకరు అందుకుంటారు, అందరూ కలుస్తారు. పెళ్లిళ్లలో, పదవీ విరమణ సభల్లో, గెలిచిన ఆటగాళ్ల ముందు కూడా ఇదే పాట. పోప్ రెండో జాన్ పాల్ స్వదేశానికి వచ్చినప్పుడు జనం గుంపులు గుంపులుగా ఆయనకు పాడింది కూడా దీన్నే. పాటలో మాటలు గట్టిగా లెక్కపెడితే పది లోపే. 'స్తొ లాత్, స్తొ లాత్' తర్వాత 'ఞెహ్ ఝియె, ఝియె నామ్', అంటే 'మనకోసం బతకాలి'. ఈ వరుస రెండుసార్లు. తర్వాత 'యెష్చె రాస్, యెష్చె రాస్', అంటే 'మరొక్కసారి', మళ్లీ 'ఞెహ్ ఝియె, ఝియె నామ్', చివర 'ఞెహ్ ఝియె నామ్!' అని ముగింపు. పాట అయిపోయిందనుకునే లోపు ఎవరైనా 'ఆ క్తొ?' అని అరవవచ్చు. 'ఎవరు?' అని. అప్పుడు అందరూ ఆ మనిషి పేరు గట్టిగా చెబుతారు. ఇది తెలియక కొత్తవారు ఏదో గొడవ జరిగిందనుకుంటారు.

నూరేళ్లు నిండినవారికి 'స్తొ లాత్' పాడితే అదేదో గడువు ముగిసిందన్నట్లు ఉంటుంది కదా. అందుకే అప్పుడు 'ద్వ్యెశ్చె లాత్' అంటారు, రెండు వందల ఏళ్లు.

నాలుగో మెట్టు: ఎవరితో మాట్లాడుతున్నారు?

నువ్వు, మీరు తేడా తెలిసిన భాష నుంచి వెళ్లడం ఇక్కడ పెద్ద లాభం. స్నేహితులు, దగ్గరి సహోద్యోగులు, పిల్లలు 'నువ్వు' కోవలోకి వస్తారు. వారికి 'నీకు' అంటే 'చి'. పరిచయం లేని పెద్దవారు, అధికారులు, ఉపాధ్యాయులు, ఇంటి యజమానులకు గౌరవ రూపం: పురుషుడైతే 'పాన్', స్త్రీ అయితే 'పాఞి'. 'మీకు' అనడానికి పురుషుడికి 'పాను' అవుతుంది, స్త్రీకి 'పాఞి' మారకుండా అలాగే ఉంటుంది. దంపతులకు కలిపి 'పాఞ్‌స్త్‌ఫు'.

'కోరుకుంటున్నాను' అంటే 'ఝిచె'. పలువురి తరఫున 'కోరుకుంటున్నాము' అంటే 'ఝిచిమి'. కూర్చితే ఇలా వస్తుంది:

'ఝిచె చి ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ', స్నేహితుడికి.
'ఝిచె పాను ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ', మీ విభాగాధిపతికి.
'ఝిచిమి పాఞి ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ', మీ బృందమంతా కలిసి ఒక పెద్దావిడకు.

ఏ రూపం వాడాలో తెలియకపోతే గౌరవ రూపమే వాడండి. ఐటీ ఆఫీసుల్లో వయసుతో నిమిత్తం లేకుండా మొదటి రోజు నుంచే నువ్వు అనుకోవడం మామూలు. బయట మాత్రం వయసులో గానీ హోదాలో గానీ పెద్దవారు 'నన్ను పేరుతో పిలవండి' అనేదాకా ఆగడం మర్యాద.

ఇక పిలుపు. తెలుగులో 'రాముడు' ఎదుట ఉంటే 'రామా' అవుతాడు. పోలిష్‌లోనూ సంబోధనకు ప్రత్యేక రూపం ఉంది, శుభాకాంక్షలు చెప్పేటప్పుడు దాన్ని వాడితే వినేవారి ముఖం వెలిగిపోతుంది. 'కాశా' అనే అమ్మాయి 'కాశు' అవుతుంది. 'ఆఞా' 'ఆఞు' అవుతుంది. 'తొమెక్' 'తొమ్‌కు', 'మారెక్' 'మార్కు', 'ప్యొత్ర్' 'ప్యొత్షె'. ముద్దుపేర్లలో ఆడవారివి చాలావరకు మెత్తని హల్లు మీద ఆ తో ముగుస్తాయి, అవి ఉ లోకి మారతాయని గుర్తుంచుకుంటే సగం పని అయినట్లే. గౌరవ పదం పేరుకు ముందు వస్తుంది: 'పాఞె మార్కు' అంటే 'మారెక్ గారూ'. 'పాఞి ఆఞు' అంటే 'ఆఞా గారూ'. ఇంటిపేరుతో పిలవడం ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు ముభావంగా వినిపిస్తుంది, పేరే మేలు.

మిత్రుల ఇంటికి వెళితే ఒకటి గమనించండి. అక్కడ 'మామా' అంటే అమ్మ, 'తాతా' అంటే నాన్న. మనవాళ్లకు ఇది కొన్ని నిమిషాలపాటు పూర్తి గందరగోళం. పిలిచేటప్పుడు అవి 'మామొ', 'తాతొ' అవుతాయి. అమ్మమ్మ, నానమ్మలు ఇద్దరూ 'బాప్చా', పిలిస్తే 'బాప్చు'. స్నేహితుడి నానమ్మను మీరు 'బాప్చు' అని చనువుగా పిలవడం మన పద్ధతిలో ప్రేమే అయినా, అక్కడ ఆమె స్వయంగా అనుమతిస్తేనే బాగుంటుంది. అప్పటిదాకా 'పాఞి'.

ఐదో మెట్టు: కోరికలను వరుసగా పేర్చడం

మొదటి వాక్యం తర్వాత వచ్చే మౌనాన్ని నింపేది ఇదే. వ్యాకరణం ఇక్కడ ఒక్క షరతు పెడుతుంది. 'ఝిచె' తర్వాత కోరుకునే వస్తువు షష్ఠీ విభక్తిలో ఉండాలి. ఆరోగ్యం విడిగా 'ౙ్ద్రొవ్యె', కోరుకునేటప్పుడు 'ౙ్ద్రొవ్యా'. ఆనందం విడిగా 'ష్చెఁశ్చె', కోరుకునేటప్పుడు 'ష్చెఁశ్చా'. 'ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ'లో ఆ రెండు 'గొ'లు ఎందుకున్నాయో దీనితో తేలిపోతుంది. అదీ షష్ఠే. 'ఝిచె' అనే క్రియను పైకి అనకపోయినా అది లోపల ఉన్నట్లే లెక్క.

విభక్తులు నేర్చుకునే వ్యవధి లేనివారు ఈ రూపాలనే యథాతథంగా పట్టుకోండి:

'ౙ్ద్రొవ్యా': ఆరోగ్యం
'ష్చెఁశ్చా': ఆనందం, అదృష్టం. రెండిటికీ ఒకే మాట.
'పొమిశ్ల్‌నొశ్చి': అన్నీ కలిసిరావడం
'మివొశ్చి': ప్రేమ
'రాదొశ్చి': సంతోషం
'ఉశ్మ్యెహు': చిరునవ్వు
'సుక్‌ౘెసుఫ్': విజయాలు
'స్పెవ్‌ఞెఞా మాఝెఞ్': కలలు నెరవేరడం

వీటి ముందు 'దుఝొ' పెడితే 'బోలెడంత' అవుతుంది. 'సామిహ్ సుక్‌ౘెసుఫ్' అంటే 'అన్నీ విజయాలే'. చివరి మాటకు ముందు 'ఇ' చేర్చండి, అది 'మరియు'. 'ౙ్ద్రొవ్యా, ష్చెఁశ్చా, పొమిశ్ల్‌నొశ్చి' అనే ముగ్గురూ ఎప్పుడూ కలిసే తిరుగుతారు. మన 'ఆయురారోగ్య ఐశ్వర్యాలు' లాగా లయ కుదిరిన జాబితా అది. కార్డుల మీద అచ్చుపోసినట్లు కనిపిస్తుంది. పెద్దవారికి నప్పుతుంది. తోటివారికి మాత్రం నేను 'స్పెవ్‌ఞెఞా మాఝెఞ్'నే సిఫారసు చేస్తాను. పలకడం కాస్త కష్టమే, కానీ అందులో మనసు పెట్టినట్లు ఉంటుంది. పైగా ఒక్కసారి నోటికి వచ్చిందంటే పోదు. ఞె, ఞా పక్కపక్కనే రావడమే దాని అందం.

మూడు కూర్పులు సిద్ధంగా ఉంచుకోండి. స్నేహితురాలికి: 'కాశు, ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ! దుఝొ ౙ్ద్రొవ్యా, మివొశ్చి ఇ స్పెవ్‌ఞెఞా మాఝెఞ్.' పై అధికారికి: 'పాఞె మార్కు, ఝిచె పాను ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ, దుఝొ ౙ్ద్రొవ్యా ఇ సామిహ్ సుక్‌ౘెసుఫ్.' ఇంటి యజమానురాలికి: 'ఝిచె పాఞి ౙ్ద్రొవ్యా, ష్చెఁశ్చా ఇ పొమిశ్ల్‌నొశ్చి.' అధికారికి ప్రేమను కోరడం తప్పేమీ కాదు గానీ, కొత్తలో వద్దు.

ఒకరోజు ఆలస్యమైందా? 'స్పుఝ్‌ఞొనె, ఆలె ష్చెరె' అనండి: 'ఆలస్యమైనా, మనస్ఫూర్తిగా'. ఇందులోని ఝ్ శ కు జోడీ, కాబట్టి మెత్తగా ఉండాలి. ఈ మాట ఎన్నిసార్లు విన్నా పోలిష్ వారికి విసుగు రాదు, ఎందుకంటే అందరికీ అవసరపడేదే.

ఆరో మెట్టు: పుట్టినరోజా, పేరు రోజా?

పోలండ్ క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద కొన్ని పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ పేరున్నవారికి ఆ రోజు 'ఇమ్యెఞిని', పేరు రోజు. క్యాథలిక్ సాధువుల స్మరణ దినాల నుంచి వచ్చిన ఆచారం. నవంబరు 30 ఆంద్‌ఝెయ్‌లది, డిసెంబరు 4 బార్బారాలది, మార్చి 19 యూజెఫ్‌లది, జూన్ 24 యాన్‌లది, డిసెంబరు 24 ఆదామ్, ఎవాలది. బార్బారా గని కార్మికులను కాపాడే సాధ్వి కాబట్టి డిసెంబరు 4 బొగ్గు గనుల ప్రాంతంలో కార్మికుల పండుగ కూడా. పాతతరం వారిలో చాలామందికి పుట్టినరోజు కంటే పేరు రోజే ముఖ్యం. దీనిలో ఒక సౌలభ్యం ఉంది: తేదీ అందరికీ తెలుసు, వయసు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎగువ సిలేసియా, కషూబియా ప్రాంతాల్లో మాత్రం మొదటి నుంచీ పుట్టినరోజుకే పెద్దపీట. ఇప్పటి యువత కూడా ఎక్కడైనా పుట్టినరోజే జరుపుకుంటోంది.

కాబట్టి ఆఫీసులో ఒక యాభై ఏళ్ల ఆవిడ కేకు తెచ్చి పెడితే అది పుట్టినరోజే అని తీర్మానించుకోకండి. పక్కవారిని అడగండి. తెలియకపోతే ఉత్త 'ఫ్షిస్త్‌క్యెగొ నాయ్‌లెప్షెగొ' అనండి, రెండిటికీ సరిపోతుంది. తెలిస్తే 'ౙొకాౙ్యి ఇమ్యెఞిన్' అని చేర్చండి. భాష విషయంలో పట్టింపున్నవారు పేరు రోజు జరుపుకునే మనిషిని 'సొలెఞిౙాంత్' అనీ, పుట్టినరోజు మనిషిని 'యుబిలాత్' అనీ వేరు చేస్తారు. స్త్రీలైతే చివర 'కా' చేరుతుంది. శ్రీనివాస్‌కూ లావణ్యకూ ఆ క్యాలెండర్‌లో చోటు లేదు కాబట్టి మనకు ఏడాదికి ఒక్క కేకే.

వయసు, తేదీ అడగాలంటే

'క్యెది మాష్ ఉరొజిని?' అంటే 'నీ పుట్టినరోజు ఎప్పుడు?' గౌరవంగా 'క్యెది మా పాన్ ఉరొజిని?' లేదా 'క్యెది మా పాఞి ఉరొజిని?' వయసు అడగడం 'ఇలె మాష్ లాత్?' పిల్లలను అడగండి, పెద్దలను అడగకండి.

'ఏళ్లు' అనే మాటకు మూడు రూపాలున్నాయి. ఒక ఏడు 'రొక్'. రెండు, మూడు, నాలుగు అయితే 'లాతా'. అయిదు నుంచి 'లాత్', అందుకే నూరు కూడా 'లాత్'. 22, 23, 24 మళ్లీ 'లాతా'కు తిరిగి వస్తాయి, 32, 43 లాంటివీ అంతే. 12, 13, 14 మాత్రం 'లాత్'లోనే ఉండిపోతాయి, 21 కూడా. పద్దెనిమిదో పుట్టినరోజుకు 'ఒశెమ్‌నాస్త్‌కా' అనే ప్రత్యేకమైన పేరుంది. మేజర్ అయ్యే వయసు కావడంతో దాన్ని పెద్ద వేడుకగా చేస్తారు.

ఇంటికి పిలిస్తే

గుమ్మం దాటి లోపలికి వెళ్లాకే చేయి కలపండి, గడప మీదుగా చేయి కలపడం అశుభమని నమ్మకం. చెప్పులు విప్పడం చాలా ఇళ్లలో మామూలే, మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పూలు తీసుకెళితే బేసి సంఖ్యలో తీసుకెళ్లండి, సరిసంఖ్య అంత్యక్రియలకు. చామంతులు మనకు శుభకార్యాలకు ఎంత ప్రియమైనవో అక్కడ అంత వద్దు. నవంబరు 1న సమాధుల మీద ఉంచే పూలు అవి.

కార్డు రాస్తే

సన్నిహితులకు 'ద్రొగా కాశు' లేదా 'ద్రొగి తొమ్‌కు' అని మొదలవుతుంది, 'ప్రియమైన' అన్నమాట, మొదటిది స్త్రీకి, రెండోది పురుషుడికి. గౌరవంగా రాయాలంటే 'షానొవ్‌ని పాఞె', 'షానొవ్‌నా పాఞి'. లాంఛనమైన వాక్యం ఇది: 'స్క్వాదామ్ నాయ్‌సెర్దెచ్‌ఞెయ్షె ఝిచెఞా ౙొకాౙ్యి ఉరొజిన్', 'పుట్టినరోజు సందర్భంగా హృదయపూర్వక శుభాకాంక్షలు సమర్పిస్తున్నాను'. నోటితో చెబితే ఉపన్యాసంలా ఉంటుంది, కాగితం మీద హుందాగా ఉంటుంది. నీకు, మీకు అనే మాటల మొదటి అక్షరాన్ని కార్డులో పెద్దక్షరంగా రాయడం మర్యాద.

పోలిష్ లిపిలో గుర్తులు తగిలించిన అక్షరాలు తొమ్మిది. ఫోనులో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే వస్తాయి. కంప్యూటర్‌లో పోలిష్ ప్రోగ్రామర్ల కీబోర్డు ఎంచుకుంటే దాదాపు అన్నిటికీ కుడివైపు ఆల్ట్ పట్టుకుని మామూలు అక్షరం నొక్కితే చాలు. గుర్తులు లేకుండా పంపినా అర్థం చేసుకుంటారు, తొందరలో వారూ అలాగే పంపుతుంటారు. కార్డులో మాత్రం పెట్టండి. మరీ తొందరైతే నూరును అంకెల్లో వేసి పక్కన 'లాత్' అని రాసి పంపడం సర్వసాధారణం.

మీ పుట్టినరోజున

అక్కడి ఆఫీసుల్లో పుట్టినరోజు మనిషే అందరికీ తీపి తెస్తారు. ఇది మనకు కొత్త కాదు, బడిలో చాక్లెట్లు పంచినవాళ్లమే. వంటగది బల్ల మీద కేకో, మైసూర్‌పాకో పెట్టి అందరికీ ఒక సందేశం పంపితే, వరుసగా వచ్చి చేయి కలుపుతారు. 'జెంకుయె' అంటే ధన్యవాదాలు, ఊనిక కు మీద. 'జెంకుయె బార్ౙొ' అంటే చాలా ధన్యవాదాలు. స్నేహితుడైతే 'జెంకి'. చెప్పిన కోరికలకు కృతజ్ఞత తెలపాలంటే 'జెంకుయె ౙా ఝిచెఞా'. ఎప్పుడో పరిచయమైనవారు గుర్తుపెట్టుకుని ఫోను చేస్తే 'జెంకుయె ౙా పామ్యెఞ్చ్', అంటే 'గుర్తుంచుకున్నందుకు ధన్యవాదాలు'. ఇది మనసును తాకే మాట, దాచుకుని వాడండి.

'నావ్‌ౙాయెమ్' అని ఒక మాట చాలాసార్లు వినిపిస్తుంది: 'మీకూ అంతే'. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి, భోజనం ముందు అది సరైన బదులు. పుట్టినరోజుకు మాత్రం కాదు, ఎదుటివారి పుట్టినరోజు కూడా అదే రోజైతే తప్ప.